‘రండి మేడమ్, మీ పిల్లలు వచ్చారు’

సంపాదకులకు నమస్కారం.

వైకల్యమున్న పిల్లలకు బడిలో తోడ్పడే ప్రత్యేక విద్య ఉపాధ్యాయ పోస్టుల గురించి, ఏళ్ల తరబడి ఒప్పంద పద్ధతిలో ఆ పని చేస్తున్నవారి భవిష్యత్తు గురించి పత్రికలలో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. పోస్టులు ఎన్ని, అర్హతలేమిటి, వయోపరిమితిలో సడలింపు ఉంటుందా ఉండదా అన్న చర్చ బాగానే జరుగుతున్నది, జరగవలసిందే. అయితే ఆ ఉద్యోగంలో చేరిన మనిషి సోమవారం ఉదయం బడికి వెళ్లి ఎవరి పక్కన కూర్చోవాలి, ఏం చేయాలి అన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో నాకెక్కడా కనబడలేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాలలో ఇరవై ఏళ్లకు చేరువగా ఈ పనే చేస్తున్నదాన్ని కనుక ఆ సంగతి నాలుగు మాటలలో రాద్దామనుకున్నాను. మొదలుపెట్టాక ఉత్తరం పొడుగైంది, మన్నించగలరు.

నేను ఏ బడి గేటు దాటినా తరగతి ఉపాధ్యాయులు ఆదరంగా నవ్వుతూ అనే మాట ఒకటుంది: "రండి మేడమ్, మీ పిల్లలు ఇద్దరూ ఇవాళ వచ్చారు." అందులో చిన్నచూపేమీ లేదు. కొన్ని బడులలో నేను వచ్చే రోజున వేపచెట్టు నీడలో బల్ల వేయించి, మంచినీళ్ల బిందె కూడా పెట్టించి ఉంచేవారు. కానీ ఆ ఇద్దరి పేర్లూ ఉన్నది ఆ బడి హాజరుపట్టీలో. వారానికి ఆరు రోజులూ వాళ్లు కూర్చునేది ఆ తరగతి గదిలో. రోజుకొక బడి చొప్పున మండలమంతా తిరిగే నేను మళ్లీ ఆ గేటు దాటేసరికి నెల గడిచిపోతుంది. అయినా వాళ్లు ‘మీ పిల్లలే’. ఎదుటివారిని కలుపుకోకుండా చెప్పడానికి ‘మా’ అనీ, కలుపుకుని చెప్పడానికి ‘మన’ అనీ రెండు వేరువేరు మాటలున్న భాష మనది. ఈ పిల్లలు అందరితో కలిసి చదువుకోవడానికి సహిత విద్య, విలీన విద్య, సమ్మిళిత విద్య అని ప్రభుత్వ కాగితాలలో ఎన్ని పేర్లు రాసుకున్నా, నా దృష్టిలో ఈ ఉద్యోగమంతా ఆ ‘మీ పిల్లలు’ను ‘మన పిల్లలు’గా మార్చే పనే. అది పిల్లవాడి పక్కన కూర్చుంటే జరిగే పని కాదని, తరగతి ఉపాధ్యాయుడి పక్కన కూర్చుంటేనే జరుగుతుందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేను 2006లో సర్వశిక్షా అభియాన్‌లో చేరాను. అప్పటికి అమలులో ఉన్నది 1995 నాటి వికలాంగుల చట్టం. అందులో గుర్తించిన వైకల్యాలు ఏడు. తరువాత 2016లో చేసిన చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చి ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, మెదడు దెబ్బతిని కండరాలపై పట్టు తప్పే మస్తిష్క పక్షవాతం, చదవడంలోనూ రాయడంలోనూ వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యం వంటివి ఈ చట్టంతోనే విడిగా జాబితాలోకి వచ్చాయి. మా శిక్షణ మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్క వైకల్యంలోనే సాగింది. నా డిప్లొమా అప్పట్లో మానసిక వైకల్యం అని, ఇప్పుడు మేధోపరమైన వైకల్యం అని పిలిచే విభాగంలోది. భారత పునరావాస మండలి, అంటే మేమంతా ఆర్‌సీఐ అనే సంస్థ, మా పేర్లను కూడా ఆ విభాగం కిందనే నమోదు చేసుకుంటుంది. మండలంలోని పిల్లలు మాత్రం మా ధ్రువపత్రాలను చూసి పుట్టలేదు గదా! ఒకే రోజున ఉదయం వినికిడి యంత్రం చెవిలో నిలవని పిల్లవాడు, మధ్యాహ్నం చేతివేళ్లు బిగుసుకుపోయి బలపం పట్టలేని పిల్ల ఎదురయ్యేవారు. బలపానికి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి పట్టు వచ్చేలా చేయడం నాకు ఏ శిక్షణా సంస్థా నేర్పలేదు. మార్కాపురంలో ఒక పంక్చరు షాపు ముందు నిలబడి ఉండగా తట్టిన ఆలోచన అది.

నా తొలినాళ్ల తప్పును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మండల కేంద్రంలో వైకల్యమున్న పిల్లల కోసం భవిత కేంద్రం అని ఒకటి ఉంటుంది. అక్కడ చాపలు, బొమ్మలు, ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు వాడే సమాంతర కడ్డీలు, గోడ నిండా బొమ్మల పటాలు ఉంటాయి. ఊరి బడిలో వెనక బెంచీలో ఏమీ పట్టనట్టు కూర్చున్న పిల్లలను చూసి మనసు చివుక్కుమని, వీలైనంతమందిని రోజూ భవితకే రప్పించేదాన్ని. హాజరు పెరిగింది; తనిఖీకి వచ్చినవారు మెచ్చుకున్నారు; నేనూ పొంగిపోయాను. ఆ రోజుల్లో ఒకనాడు తొమ్మిదేళ్ల పిల్లవాడి తల్లి మా కేంద్రం అరుగు మీద కూర్చుని, "మావోడు ఆ బడిలో ఉన్నన్నాళ్లు చదువు రాకపోయినా సాయంత్రం బంతాటకు పిలిచేదానికి నలుగురు పిలకాయలు వచ్చేవాళ్లమ్మా, ఇప్పుడు ఎవురూ రావడంల్యా" అన్నది. ఆమె ఫిర్యాదు చేయలేదు. ఏదో మాటల్లో అన్నది, అంతే. కానీ ఆ పిల్లవాడికి నేను రంగుల పేర్లు నేర్పి ఊరిని పోగొట్టానని నాకు ఆ రోజు అర్థమైంది. భవిత కేంద్రం అనవసరమని నేననడం లేదు. ఫిజియోథెరపీకి, పరికరాల కొలతలకు, తల్లుల శిక్షణకు అది కావలసిందే. అది బడికి తోడుగా ఉండాలి గానీ బడికి బదులు కాకూడదు.

అప్పటి నుంచి నేను పద్ధతి మార్చుకున్నాను. అందులో నాకు గురువులుగా నిలిచినవారు ఇద్దరు మామూలు తరగతి ఉపాధ్యాయులు. వారి పేర్లు రాయను గానీ వారు చేసిన పని రాయకపోతే నా వాదనకు అర్థం ఉండదు.

మొదటివారు ఇద్దరే ఉపాధ్యాయులున్న ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చెప్పిన మాస్టారు. ఆ తరగతిలో మేధోపరమైన వైకల్యమున్న పదేళ్ల పిల్లవాడొకడు ఉండేవాడు. ఐదు వరకు సరిగా లెక్కపెట్టి, ఆపైన ఏడు, తొమ్మిది, ఇరవై అంటూ దూకేసేవాడు. నేను వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి, చింతగింజలు ముందు పోసి, ఒక్కొక్క గింజను వేలితో జరుపుతూ ఒక్కొక్క అంకె చెప్పించేదాన్ని. నా ముందు చేసేవాడు. నెల తరువాత వెళ్తే మళ్లీ మొదటికే వచ్చేవాడు. మూడు నెలలు ఇలా గడిచాక మాస్టారు ఒక మార్పు చేశారు. మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్లను లెక్క చూసే పని వాడికి అప్పగించారు. గుడ్ల అట్ట మీకు తెలుసు: వరుసకు ఐదు గుంటలు, ఆరు వరుసలు, మొత్తం 30. ఒక గుంటకు ఒక గుడ్డు. చింతగింజలతో నేను చెప్పడానికి కష్టపడిన ‘ఒక వస్తువుకు ఒక అంకె’ అన్న సూత్రాన్ని ఆ గుంట మాట్లాడకుండానే చెప్పింది. గుంటను వదిలేసి ముందుకు దూకడానికి వీలు లేదు. దూకితే ఖాళీ కనబడుతుంది. ఈ పని నెలకొకసారి కాక గుడ్డు వచ్చిన ప్రతి రోజూ ఉండేది, పైగా తప్పితే ఎవరికో ఒకరికి గుడ్డు తగ్గేది. దసరా సెలవుల నాటికి వాడు వరుసలను గుర్తుపట్టాడు. ఒకరోజు వంటామెతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు: "రెండు గుంటలు ఖాళీ, రెండు గుడ్లు తక్కువ!" ఆమె నవ్వి, చీర కొంగులో దాచిన రెండు గుడ్లు తీసి ఇచ్చింది. పరీక్ష పెట్టింది మాస్టారేనని తరువాత తెలిసింది.

అదే అట్టను మాస్టారు తరగతి మొత్తానికీ ఐదో ఎక్కం చెప్పడానికి వాడారు. అట్ట పట్టుకుని నిలబడినవాడు ఈ పిల్లవాడే. మిగతా పిల్లలు ‘ఐదు మూళ్లు’ అంటే వాడు మూడు వరుసలు చూపించేవాడు. వాడికి ఎక్కం వచ్చిందా అంటే రాలేదు. కానీ ఆ పీరియడ్‌లో ఒకే పాఠంలో, ఒకే వస్తువు చుట్టూ, ఎవరి స్థాయిలో వారు నేర్చుకున్నారు. ఇందులో నా పాత్ర ఎంత? రెండో వరుస స్థిరపడేదాకా మూడో వరుసకు పోవద్దని చెప్పడం, వాడు తడబడిన చోట మాట సాయం ఎప్పుడు చేయాలో ఎప్పుడు ఆపాలో చూపడం, ప్రణాళికను తిరిగి రాయడం. అంతే. అంతకు మించి ఉండకూడదని కూడా నా అభిప్రాయం. ఆ మాస్టారితో బడి వదిలాక అరుగు మీద కూర్చున్న నాలుగైదు సాయంత్రాలు, పిల్లవాడితో నేనొక్కదాన్నే కూర్చున్న మూడు నెలల కంటే ఎక్కువ పని చేశాయి.

రెండోవారు ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి తెలుగు చెప్పిన టీచరు. ఆమె తరగతిలోకి పుట్టుకతో చూపులేని అమ్మాయి వచ్చింది. మార్కాపురం పలకలు దూరప్రాంతాలకు వెళ్లిన సీమ మాది. పలక లేని ఇల్లు ఉండేది కాదు. అలాంటి చోట బ్రెయిలీ పలకను మొదటిసారి చూసిన పిల్లలంతా దాని చుట్టూ మూగి, ఇది ఏం పలక అని అడిగారు. డబ్బనం లాంటి స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోయి, కాగితం తిప్పి, ఎడమ నుంచి కుడికి వేళ్లతో తడిమి చదవాలి. నేను కూడా బ్రెయిలీని ఉద్యోగంలో చేరాకనే, ఆ విభాగంలో శిక్షణ పొందిన సహోద్యోగి దగ్గర రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పటికీ నా వేళ్ల కంటే నా కళ్లే దాన్ని బాగా చదువుతాయి.

తెలుగు టీచరు ఒకరోజు వత్తులు చెబుతూ, "క కింద క వత్తు పెడితే అక్క" అన్నారు. అమ్మాయి లేచి, "నాకు కింద ఉండదు టీచర్" అన్నది. టీచరు అర్థం కాక నన్ను అడిగారు. బ్రెయిలీలో కిందా పైనా లేవు. ప్రతి అక్షరమూ ఆరు చుక్కల గదిలో ఇమడాలి. హల్లులోని అచ్చును తీసివేసే గుర్తు ముందు వచ్చి, రెండు ‘క’లూ పక్కపక్కనే ఒకే వరుసలో నిలుస్తాయి. గుడి, కొమ్ము కూడా తలమీదనో పక్కనో అంటుకుని ఉండవు, హల్లు తరువాత విడిగా వస్తాయి. ‘క్ష’కు మాత్రం ప్రత్యేకంగా ఒక గది ఉంది. ఇది విన్న టీచరు మరునాడు తరగతిలో నల్లబల్ల మీద సంయుక్తాక్షరాలను రెండు రకాలుగా రాశారు: కళ్లతో చదివేవారికి వత్తుగా, వేళ్లతో చదివేవారికి విడదీసి వరుసగా. చిత్రమేమిటంటే వత్తులు ఎప్పుడూ తప్పు రాసే మరో ఐదారుగురికి ఆ విడదీసిన పద్ధతితోనే సంయుక్తాక్షరం అంటే ఏమిటో అర్థమైంది. ఆ సంవత్సరం మిగతా పిల్లలకు జూన్‌లోనే పుస్తకాలు అందాయి గానీ, బ్రెయిలీ పుస్తకం అర్ధ సంవత్సర పరీక్షల నాటికి కూడా చేరలేదు. టీచరు రోజూ ఇద్దరు పిల్లలను వంతులవారీగా పక్కన కూర్చోబెట్టి పాఠం చదివించారు, అమ్మాయి తన పుస్తకాన్ని తానే పొడిచి రాసుకున్నది. చదివి వినిపించిన పిల్లలకు ఉచ్చారణ బాగుపడిందని టీచరు ఇప్పటికీ చెబుతారు. అందరికీ ఒకే రోజున ఒకే పుస్తకం ఇవ్వడం సమానత్వమైతే కావచ్చు గానీ, అందరూ ఒకే రోజున ఒకే పాఠం చదవగలగడమే న్యాయమని నేననుకుంటాను.

ఈ రెండు ఉదాహరణలలోనూ విజయమే చెప్పానని పాఠకులు అనుకోవచ్చు. అన్నీ ఇలా లేవు. పద్యాలు అప్పజెప్పమంటే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు కాగితం మీద ‘మ’కూ ‘య’కూ తేడా పట్టలేకపోయేవాడు, ఒక అక్షరం వత్తు పక్క అక్షరానికి పోయేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అలాంటివారికి చట్టంలో పేరు లేదు. తరగతిలో మాత్రం బద్ధకస్తుడు, మొద్దు అని పేర్లుండేవి. కొత్త చట్టం వచ్చాక పేరు వచ్చింది, వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరం, ధ్రువపత్రం వచ్చాయి, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే లేఖకుడు, రెండో భాషా మూడో భాషా చదవకుండా మినహాయింపు కూడా వచ్చాయి. ఆ మినహాయింపు అమలైన తీరేమిటంటే, హిందీ పీరియడ్ మొదలవగానే వాణ్ని వరండాలోకి పంపేవారు. రోజూ ఆ పీరియడ్ అంతా వాడు స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. చట్టం ఇచ్చిన మినహాయింపు భాష నుంచి గానీ చదువు నుంచి కాదు గదా. ఆ సమయంలో తెలుగు చదవడాన్ని ధ్వని దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలని నేను రాసి ఇచ్చిన కాగితం ప్రధానోపాధ్యాయుల బీరువాలో భద్రంగా ఉండిపోయింది. వారిని తప్పుపట్టలేను, ఆ పీరియడ్‌లో వాడితో కూర్చోవడానికి ఆ బడిలో ఖాళీగా ఉన్న మనిషి లేడు, నేను ఆ రోజు ఇరవై కిలోమీటర్ల అవతల మరో బడిలో ఉన్నాను.

ఇంటి వద్ద విద్య సంగతి మరీ కష్టం. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు పొందే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది. శనివారాలు మేము ఆ ఇళ్లకు వెళ్తాం. మస్తిష్క పక్షవాతం ఉన్న ఒక పిల్ల తల్లి నన్ను చూసి, "దీనికి చదువేందమ్మా, కూకోబెడితే చాలు" అన్నది. నిజమే, కూర్చోబెట్టడమే ఆ ఇంట్లో మొదటి పాఠం. గోడ మూలలో ఇసుక మూటలు రెండు ఆనించి, కాళ్ల మధ్య మడిచిన దుప్పటి పెట్టి కూర్చోబెడితే తల నిలబడింది; తల నిలబడితే అన్నం గొంతుకు అడ్డం పడకుండా దిగింది; ఎదుటి మనిషి ముఖం కనబడింది. ఆ పిల్ల పేరు నాలుగు వీధుల అవతలి బడిలో నమోదై ఉన్నది. ఆ తరగతి టీచరు ఆ ఇంటిని ఒక్కసారైనా చూడలేదు. ఒక శనివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. తరగతిలో పిల్లలెవరికీ ఆ పేరుగల పిల్ల ఉన్నదని తెలియదట. ఆ తరువాత రెండు మూడు వారాలకొకసారి నలుగురు పిల్లలను తీసుకుని టీచరే వెళ్లడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఇప్పటికీ అక్షరాలు నేర్వలేదు. కానీ గుమ్మంలో చెప్పుల చప్పుడైతే అటు తల తిప్పి ఎదురుచూస్తుంది.

ఇక పోస్టుల సంగతి. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పది మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతులలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలి. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చి 7న అదే న్యాయస్థానం పోస్టులను ప్రకటించి తీరాలని గడువు పెట్టింది. ఏళ్లుగా ఒప్పందంపై పనిచేస్తున్నవారి అర్హతలను పరిశీలించే సంఘాలు వేయమన్నది. మన రాష్ట్రం 2,260 పోస్టులను మంజూరు చేసింది: ప్రాథమిక తరగతులకు 1,136 ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు), ఆపై తరగతులకు 1,124 స్కూల్ అసిస్టెంట్లు. పొరుగున తెలంగాణ 2024 ఉపాధ్యాయ నియామకాల (డీఎస్సీ) ప్రకటనలోనే 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులను ఈ విభాగానికి కేటాయించింది. ఇరవై ఏళ్లుగా ఏటేటా ఒప్పందం కాగితం కోసం ఎదురుచూసిన నా వంటివారికి ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనవసరం లేదు.

నా భయం మరొకటి. పది మందికి ఒకరు అన్న నిష్పత్తి కాగితం మీద స్పష్టంగా ఉన్నా, మా పల్లెల్లో ఆ పది మంది ఒక బడిలో ఉండరు. ఒక ఊళ్లో ఒకరు, మరో ఊళ్లో ఇద్దరు, కొండవాలున ఇంకో గూడెంలో ఒకరు. ఆ పది మందిని ఒకచోట చేర్చి లెక్క సరిపెట్టాలన్న ఆలోచన అధికారులకు సహజంగానే వస్తుంది. అదే జరిగితే సహిత విద్య పేరుతో మండలానికొక ప్రత్యేక పాఠశాల తయారవుతుంది; నేను భవిత కేంద్రంలో చేసిన తప్పునే ప్రభుత్వం పెద్ద ఎత్తున చేసినట్టవుతుంది. రెండో ప్రమాదం దీనికి వ్యతిరేక దిశలోది. శాశ్వత పోస్టులో ఉన్న ఉపాధ్యాయురాలు ఒక బడికి వచ్చిందంటే, ఆ బడిలో ఖాళీగా ఉన్న సబ్జెక్టు ఆమెకు అంటగడతారు. లేదా యాప్‌లలో వివరాలు ఎక్కించే పని, ఓటర్ల జాబితా పని ఆమె నెత్తిన పడతాయి. ఇప్పుడే మాలో చాలామంది వారంలో సగం కాలం పిల్లల ముఖాలు కాక వారి ఆధార్ నంబర్లు చూస్తూ గడుపుతున్నాం.

తరగతి ఉపాధ్యాయులకు మాత్రం తీరికెక్కడిది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బడిలోకి వెళ్లి, ఈ పిల్లవాడి కోసం విడిగా పాఠం తయారుచేయండి అని చెప్పడానికి నాకే నోరు రాదు. వారు డిప్లొమాలోనో బీఈడీలోనో ఈ విషయం మీద ఒక పేపరు చదివి ఉంటారు, అంతే. అందులో గుడ్ల అట్ట ఉండదు. అందుకే వారికి ఇంకో శిక్షణ తరగతి పెట్టమని నేను కోరడం లేదు. వారి సొంత తరగతిలో, వారి సొంత పిల్లవాడి గురించి, వారి పాఠం మీద, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి కావాలంటున్నాను. ఇంకొక మినహాయింపు కూడా ఒప్పుకోవాలి: పూర్తిగా వినికిడి లేని పిల్లల విషయంలో ఊరి బడి ఒక్కటే మేలని నేను వాదించలేను. సంజ్ఞా భాష తెలిసినవారు ఒక్కరూ లేని తరగతిలో ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టి సహిత విద్య అనడం, భాష లేని చోట ఒంటరిగా వదిలేయడమే. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా ఊరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కును 2016 చట్టమే ఇచ్చింది. ఆ ఎంపిక తల్లిదండ్రుల చేతుల్లో నిజంగా ఉండాలి.

ఇప్పుడు వస్తున్న కొత్త ఉపాధ్యాయులలో చాలామంది వయసులో నా పిల్లల వంటివారు. వాళ్లు బాగా చదువుకుని, మంచి ఉత్సాహంతో వస్తున్నారు. బడిలో అడుగుపెట్టిన మొదటిరోజున వాళ్లకు కూడా ‘మీ పిల్లలు వచ్చారు’ అన్న మాటే వినబడుతుంది, చెట్టు నీడలో బల్లే కనబడుతుంది. ఆ బల్ల దగ్గరకు వెళ్లడం సులభం, మర్యాద కూడా. వద్దని చెప్పాలంటే వారి చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి. అందుకే విద్యాశాఖను నేను కోరేది ఒక్కటే. ఈ పోస్టుల విధులను నిర్ణయించే ఉత్తర్వులో, ప్రత్యేక ఉపాధ్యాయులు తమ పరిధిలోని ప్రతి తరగతి ఉపాధ్యాయుడితోనూ వారానికి ఒక పీరియడ్ కూర్చుని రాబోయే వారం పాఠాలను కలిసి తయారుచేయాలని, ఆ పీరియడ్‌ను బడి కాలనిర్ణయ పట్టికలో ఇద్దరి పేర్ల మీదా చూపాలని, ఆ సమయంలో ఇద్దరికీ మరే పనీ అప్పగించరాదని ఒక్క వాక్యం చేర్చండి. పరిధిని బడిని బట్టి కాక, పిల్లలు ఉన్న ఊళ్ల దూరాన్ని బట్టి నిర్ణయించండి. జూన్‌లో బడులు తెరవడానికి ముందే ఆ పట్టిక గోడకు ఎక్కితే, నా బోటివాళ్లు ఇన్నాళ్లూ బడి వదిలాక అరుగుల మీద కూర్చుని, ఆఖరి బస్సు పోతుందేమోనని గడియారం చూసుకుంటూ చేసిన పని, పగటి వెలుగులో జరుగుతుంది.

ఇట్లు,
ఒక సహిత విద్య ఉపాధ్యాయురాలు,
ఉమ్మడి ప్రకాశం జిల్లా.